కుక్క జాతి మీద వాదిస్తూ పోగొట్టుకున్న రెండు వేళ్ళు

ఆ బుధవారం మధ్యాహ్నం సింగపూర్ తువాస్‌లో ఒక ఇనుప సామాన్ల యార్డు గేటు దగ్గర నా కుడి చెయ్యి కుక్క నోట్లో ఇరుక్కుంది. అంతకు ముందు క్షణం వరకు నేను ఆరోగ్యంగా, కాస్త గర్వంగా తిరిగే ప్రోగ్రామర్ని. రెండువేల సంవత్సరంలో కంప్యూటర్లు ఆగిపోతాయన్న వైటూకే గండం గడిచాక మా కంపెనీ నన్ను ఆ యార్డులో సాఫ్ట్‌వేర్ పెట్టి రమ్మని పంపింది. గేటు దగ్గర గొలుసుతో కట్టిన కాపలా కుక్క ఉండేది, పిట్‌బుల్ కలిసిన జాతి. నేను ఫోన్లో మాట్లాడుతూ ఆ గొలుసు అందే దూరంలోకి నడిచి వెళ్ళాను.

అది మొరగలేదు. ఎగిరి మణికట్టు కింద పట్టుకుంది. పట్టుకుని వదలకుండా తల అటూ ఇటూ విదిలించింది. ఎముకకు పళ్ళు గీసుకున్న చప్పుడు నాకు వినిపించింది. ఎడమ చేత్తో దాని కళ్ళ మీద గుద్దాను, బూటుతో డొక్కలో తన్నాను. కొట్టేకొద్దీ పట్టు బిగించింది. నా అరుపులు విని అప్పన్న అనే వెల్డర్ పరుగెత్తుకొచ్చాడు. శ్రీకాకుళం వైపు పల్లె నుంచి వర్క్ పర్మిట్ మీద వచ్చినవాడు. నడుముకున్న బెల్టు లాగి కుక్క మెడకు వేసి, ఊపిరాడకుండా మెలిపెట్టాడు. అప్పటికి గానీ దవడ సడలలేదు. తన చొక్కాతో నా చెయ్యి చుట్టి లారీలో ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. దాన్ని అక్కడే ఎందుకు చంపలేదని దారిపొడవునా అతన్నే తిట్టాను.

ఎమర్జెన్సీలో ఎక్స్‌రే తీశారు. ఎముక విరగలేదు గానీ చిటికెన వేలు వైపు లోతైన పంక్చర్ గాయాలున్నాయన్నారు. కడిగారు, టెటనస్ ఇంజెక్షన్ ఇచ్చారు. నేను అడిగింది మాత్రం ఒకటే: రేబిస్ ఇంజెక్షన్లు ఎన్ని వేస్తారు? మా గుంటూరు వైపు కుక్క కరిచిందంటే బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు. కుక్కకాటుకు అది కాక ఇంకో భయం ఉంటుందని నాకు తెలియదు. డాక్టర్ ఒక చైనీస్ అమ్మాయి. "నో రేబిస్ ఇన్ సింగపూర్. బట్ డాగ్స్ మౌత్ వెరీ డర్టీ. స్టే టూ డేస్, ఐవీ యాంటీబయాటిక్స్" అంది.

మొదటి ముక్క వినగానే ప్రాణం లేచొచ్చింది. మిగతాది చెవికెక్కలేదు. పని ఉందని, నా ఇష్టం మీదే వెళ్తున్నానన్న కాగితం మీద ఎడమ చేత్తో సంతకం గీకి, మాత్రలు తీసుకుని క్లెమెంటిలో నా అద్దె గదికి వచ్చేశాను. రెండు పూటలు వేసుకుంటే కడుపులో తిప్పింది, మానేశాను. డ్రెస్సింగ్‌కి రమ్మన్న రోజు వెళ్ళలేదు.

ఎందుకంటే అంతకంటే ముఖ్యమైన పని దొరికింది. ఇక్కడి తెలుగువాళ్ళకి అప్పట్లో ఒక మెయిల్ గ్రూపు ఉండేది. ఈ జాతిని పూర్తిగా నిషేధించాలి, ఉన్నవాటిని చంపేయాలి అని ఎడమ చేత్తో ఒక్కో అక్షరం పొడుస్తూ రాశాను. చంపడం దేనికి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే కొన్నాళ్ళకు జాతే ఉండదని ఒక రీసెర్చ్ స్టూడెంట్ రాశాడు. తప్పు జాతిది కాదు, పెంచేవాళ్ళదని ఇంకొకాయన. కరిపించుకున్నది మీరా నేనా అని ఇద్దరి మీదా విరుచుకుపడ్డాను. శుక్రవారం జ్వరం వచ్చింది, వేళ్ళు వంకాయల్లా వాచాయి. కోపంతో ఒళ్ళు వేడెక్కిందనుకున్నాను, నిజంగానే. శనివారం మోచేతి దాకా ఎర్రటి గీత పాకింది. ఆ రోజు పదకొండు మెయిళ్ళు రాశాను.

ఆదివారం సెలవని అప్పన్న నన్ను చూడ్డానికి వచ్చాడు. గదిలోకి అడుగుపెడుతూనే ముక్కు మూసుకున్నాడు.

"ఏటి సార్ ఇది, సెయ్యి కుళ్ళిపోతంది. మా యార్డులో ఒకడికి ఇలగే కాలు తీసీసినారు. లెగండి."

ఈ ఒక్క మెయిల్ పంపి వస్తానన్నాను. అతను మోడెం వైరు గోడలోంచి పీకి, నన్ను రెక్క పట్టుకుని టాక్సీలో పడేశాడు.

సెప్సిస్, ఇన్ఫెక్షన్ రక్తంలోకి ఎక్కింది అన్నారు. సర్జన్ కట్టు విప్పి చూసి, "టూ ఫింగర్స్ నెక్రోటిక్. వి ట్రై టు సేవ్ ద హ్యాండ్" అన్నాడు. రెండు వేళ్ళు అప్పటికే చచ్చిపోయాయట. మొదటి డెబ్రైడ్‌మెంట్‌లో చచ్చిన కండ తీశారు. రెండు రోజులకే ఇన్ఫెక్షన్ మళ్ళీ పైకి పాకింది. రెండోసారి చిటికెన వేలు, ఉంగరం వేలు తీసేశారు. తర్వాత తొడ నుంచి చర్మం తీసి స్కిన్ గ్రాఫ్ట్ వేశారు. డ్రెస్సింగ్ మార్చే ప్రతిసారీ టవల్ కొరుక్కుంటూ నర్సును బూతులు తిట్టాను. తెలుగులో తిట్టాను కాబట్టి బతికిపోయాను.

నా ఫిర్యాదు మీద ఆ కుక్కకు ఇంజెక్షన్ ఇచ్చి చంపేశారని అప్పన్న వార్డుకు వచ్చి చెప్పాడు. సంతోషంగా ఉంది అన్నాను. అతను స్టూలు నా మంచం దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

"కొత్త కుక్కని తెచ్చీసినారు సార్. ఇది ప్రమాదం జాతుల లిస్టులో నేదట. గొలుసు మాత్రం అదే. నిన్న నా మీదకే ఎగిరింది" అన్నాడు. తర్వాత మెల్లగా, "పాతదాన్ని ఆరేళ్ళు ఒక్క రోజు ఇప్పనేదు సార్. నన్నైనా అలగ కట్టీస్తే కరిచీద్దును" అన్నాడు.

చేతికందిన గ్లాసు అతని మీదకు విసిరాను. భుజానికి తగిలింది. లేచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత చాలాసేపు ఏడ్చాను. వారం తర్వాత సెంబవాంగ్ షిప్‌యార్డుకు మారాడని తెలిసి, డిశ్చార్జ్ అయిన రోజే వెళ్ళి క్షమించమని అడిగాను. భోజనం చేసి వెళ్ళమన్నాడు.

ఆరు నెలలు ఫిజియోథెరపీ చేశాక పెన్ను పట్టుకోగలిగాను. ఇప్పుడు ఎనిమిది వేళ్ళతో టైప్ చేస్తున్నాను. లిఫ్టులోకి కుక్క వస్తే నేను దిగిపోతాను, బొచ్చుకుక్క అయినా సరే. ప్రమాదకరమైన జాతులకు ఆపరేషన్ చేయించాలంటే ఇప్పటికీ నా ఓటు దానికే. కానీ ఆ గొలుసు ఏ లిస్టులోనూ లేదు.

కుక్క కరిస్తే, ఏ జాతిదైనా సరే, ముందు గాయాన్ని కుళాయి ధార కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. మన ఊళ్ళలో రేబిస్ టీకా తప్పనిసరి. అది వేయించుకున్నా, అవసరం లేదన్నా, రాసిచ్చిన యాంటీబయాటిక్ చివరి మాత్ర దాకా మింగండి. ఆ కుక్కను ఏం చేయాలో తర్వాత తీరిగ్గా పోట్లాడుకోవచ్చు, పది వేళ్ళతో.