ఐదో మాట దగ్గర పోయిన కరెంటు

ఆరేళ్ల కిందట, ఏప్రిల్ నెలలో, ఆలూరు వైపు ఒక సెక్షన్‌లో నన్ను జూనియర్ లైన్‌మన్‌గా వేశారు. స్తంభాలెక్కే కొలువులో అట్టడుగు మెట్టు అది. నా పైన లైన్‌మన్, ఆయన పైన లైన్ ఇన్‌స్పెక్టర్, ఆయన పైన అసిస్టెంట్ ఇంజనీరు. ఇంకా పైనున్న వాళ్లు స్తంభాన్ని ఫొటోలో చూస్తారు. ఇప్పుడు నాకు ముప్పై నాలుగు. మోకాలు దెబ్బతినడంతో మెడికల్ బోర్డు నన్ను విశ్రాంత ఉద్యోగిని చేసింది. పింఛనుదార్ల సమావేశాల్లో అందరూ బీపీ గురించి మాట్లాడుకుంటుంటే, చిన్నవాణ్ణి కాబట్టి కుంటుకుంటూ కుర్చీలు వేసేది నేనే. స్తంభం మీద నుంచి పడ్డానని అందరూ అనుకుంటారు. పడలేదు. ఎందుకు పడలేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆ రోజు గుడ్ ఫ్రైడే. మా చర్చిలో పన్నెండు నుంచి మూడు దాకా ఆరాధన. యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడుగురు ప్రసంగిస్తారు. తలా ఇరవై నిమిషాలేనని పాస్టరయ్య ముందే చెబుతారు; ఆ ఒక్క మాటను మాత్రం ఎవరూ ధ్యానించరు. ఐదో మాట దాహం గురించి. సరిగ్గా అక్కడే కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి, మైకు ఆగింది, ప్రసంగికుడు ఆగలేదు.

మా లైన్‌మన్ దేవదానం అన్నా, నేనూ ఒకే బెంచీలో ఉన్నాం. బయటికొచ్చి చూస్తే చర్చి పక్క ట్రాన్స్‌ఫార్మర్ మీద జంపర్ తెగి వేలాడుతోంది. పై లైన్లు మూడింటి నుంచి ట్రాన్స్‌ఫార్మర్‌కు దిగే మూడు తీగ ముక్కల్లో ఒకటి అది. బాగుచేయడం ఇరవై నిమిషాల పని. కానీ ముందు లైన్ క్లియర్ తీసుకోవాలి. సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్ లైను ఆపి, స్విచ్చికి హెచ్చరిక బోర్డు తగిలించి, ఫోన్లో ఒక నంబరు చెబుతాడు. అది పుస్తకంలో రాసుకున్నాకే స్తంభం ముట్టాలి. ఎక్కడో పది కిలోమీటర్ల అవతల, కంటికి కనబడని మనిషి "ఆపినాను" అంటే నమ్మి పైకెక్కడమే మా ఉద్యోగం.

ఆపరేటర్ ఖాజా ఫోను ఎత్తలేదు. శుక్రవారం, ఒంటిగంటన్నర.

ఈలోగా సంఘ పెద్ద జకరయ్య వచ్చాడు. ఏడో మాట ఆయనది. నెల రోజులుగా తయారవుతున్నాడు. మైకు లేకపోతే ఆయన గొంతు రెండో బెంచీ దాటదు.

"ఏమప్పా దానం, ఇంకా సూస్తా నిలబడుకోనుండావు? ఎక్కిచ్చు పిల్లోన్ని."

"ఖాజా నమాజులో ఉన్నెట్టుండాడు జకరయ్యా."

"మన ప్రార్థన ఆపుకోని ఆయప్ప ప్రార్థన అయ్యేదాకా కాచుకోవల్నా?"

"దేవునితో మాట్లాడుతాండాడు. నడుమ మనం దూరితే బాగుంటాదా?"

"విశ్వాసముంటే దేవుడే సూసుకుంటాడప్పా! నా ప్రసంగమే దాని మీద ఉండాది. దేవుని చేతికి అప్పగించుకునేది."

"గుడి శిఖరం మీద నుంచి దూకు, దూతలు పట్టుకుంటారని యేసయ్యకే చెప్పినోడు ఒకడుండాడు. వాడూ శానా విశ్వాసంగానే చెప్పినాడు."

జకరయ్య ముఖం ముడుచుకుని చర్చి వెనక్కి వెళ్లిపోయాడు.

నేను అప్పటికే నడుముకు బెల్టు బిగించుకున్నాను. ఆడవాళ్లు కొందరు బయటికొచ్చి చూస్తున్నారు. వాళ్లలో ఒకామె ఇప్పుడు మా ఆమె. "అన్నా, ఎట్లా కరెంటు లేదు గదా, ఎక్కేద్దునా?" అన్నాను. దేవదానం నా బెల్టు పట్టుకున్నాడు. మేకను పట్టుకున్నట్టు పది నిమిషాలు పట్టుకునే ఉన్నాడు.

ఖాజా ఫోన్ చేశాడు. "సలాం దానమన్నా, ఇన్ని మిస్డ్ కాల్సా? కొంప మునిగిందా ఏమి?" లైను ఆపి నంబరు చెప్పాడు. రాసుకున్నాం. ఇక్కడ ట్రాన్స్‌ఫార్మర్ పక్కనున్న లైను స్విచ్చి కూడా తీశాం. చర్చి వెనకాల ట్రాక్టరు స్టార్టయినట్టు చప్పుడు. ట్రాక్టర్లున్న ఊరే కాబట్టి పట్టించుకోలేదు. నేను స్తంభం మీద కాలు పెట్టాను.

"రాడ్ యాడుందిరా?" అన్నాడు దేవదానం. రాడ్ అంటే పొడుగు కర్రకు కొక్కెం, దాన్నుంచి భూమిలోకి ఒక తీగ; లైనులో కరెంటుంటే భూమిలోకి దింపేస్తుంది. ఎక్కే ముందు కింద నుంచే దాన్ని మూడు లైన్లకూ తగిలించాలి.

"నంబరు వచ్చె, స్విచ్చి తీస్తిమి. ఇంగ రాడ్ ఎందుకన్నా?"

"ఎందుకో నాకూ తెలీదు. పెట్టు."

గొణుక్కుంటూ పెట్టాను. ఫటేల్‌మని నీలం మంట లేచింది. చర్చి వెనకాల ట్రాక్టరు దగ్గి ఆగిపోయింది.

అది ట్రాక్టరు కాదు. పెళ్లిళ్లకు అద్దెకిచ్చే పెద్ద జనరేటర్. జకరయ్య మైకు కోసం తెప్పించి, మెయిన్ స్విచ్చి తీయకుండానే చర్చి వైర్లకు కలిపించాడు. అలా కలిపితే ఆ కరెంటు ఊరి తీగల్లోకి పోయి, వెనక దారిన ట్రాన్స్‌ఫార్మర్‌లో దూరి, పైన పదకొండు వేల వోల్టులై కూర్చుంటుంది. ఖాజా ఆపింది ఆయన వైపు లైను. మా వైపు లైనులో జకరయ్య విశ్వాసం పారుతోంది.

"మళ్లా నిలిచిపాయనే! ఏమొచ్చిండాది దీనికి?" అంటూ జకరయ్య పరుగున వచ్చాడు. దేవదానం మాడిన కొక్కెం చూపించాడు, తర్వాత నన్ను చూపించాడు. జకరయ్య అక్కడే మట్టిలో కూలబడ్డాడు. "ఎంత పని సేస్తి సామీ" అన్నాడు. ఎవరితో అన్నాడో మేము అడగలేదు.

మెయిన్ స్విచ్చి తీయించి, మళ్లీ రాడ్ పెట్టి, జంపర్ వేశాను. ఈసారి రాడ్ నేనే అడిగి తీసుకున్నాను. కరెంటు వచ్చింది, మైకు వచ్చింది. జకరయ్య ఏడో మాట మీద మూడు నిమిషాలు మాట్లాడాడు. దేవుణ్ణి నమ్మడమంటే ఆయనకు పరీక్ష పెట్టడం కాదు, ఈ పొద్దు నేను పెట్టినాను, అని చెప్పి కూర్చున్నాడు. మా సంఘంలో అంత పొట్టి ప్రసంగం ముందు లేదు, తర్వాతా లేదు. మిగిలిన సమయం నింపలేక పాస్టరయ్య నానా తంటాలు పడ్డారు.

నమ్మకం ముందు వస్తుందనీ, విధేయత దాని వెనక నడుస్తుందనీ అనుకునేవాణ్ణి. ఆ రోజు రాడ్ మీద నాకు నమ్మకం లేదు. ఉన్నది విసుగు. చెప్పినట్టు మాత్రం చేశాను. దేవుడు విసుగును చూడనట్టు ఊరుకుని, చేసిన పనినే లెక్కలోకి తీసుకున్నట్టున్నాడు. నమ్మకం రెండోసారి రాడ్ పట్టుకున్నప్పుడు వచ్చింది.

ఇక మోకాలి సంగతి. బాత్రూంలోకి వెళ్లబోతుంటే ఆగమని మా ఆమె చెప్పింది. ఎందుకు ఆగాలని అడుగుతూ లోపలికి వెళ్లాను. నేల తడిగా ఉంది.