అటక మీద సామాను

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్లంటే నాకు మొదటి నుంచీ విసుగు. ఎవరైనా మొదలెడితే లేచి వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని. ఇప్పటికీ వాటి మీద నమ్మకం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

పెళ్లయ్యాక మేం కొవ్వూరులో, ఏటిగట్టుకి గోదావరి వైపున్న వీధిలో ఓ పెంకుటింట్లో అద్దెకుండేవాళ్లం. నేను, మా ఆయన, మా అత్తగారు, అప్పుడప్పుడే బోర్లాపడుతున్న పాప. ఆ ఏడు వరద పెరుగుతోందని, వెంటనే ఖాళీ చెయ్యమని మైకులో చెప్పుకుంటూ వెళ్లారు. పాపని ఎత్తుకుని, చేతికందిన బట్టలు సంచిలో కుక్కుకుని సామర్లకోటలో మా పుట్టింటికి వెళ్లిపోయాం. సామాను సర్దే వ్యవధి లేదు. తాళం నేనే వేశాను. దానికి రెండో చెవి లేదు.

వరద తీశాక తిరిగొచ్చాం. తాళం నిండా బురద. మా ఆయన కిరసనాయిలు పోసి తంటాలుపడి తీశారు. తలుపులు ఉబ్బిపోయి, భుజం పెట్టి నెడితే గానీ కదల్లేదు. లోపల చీలమండలు మునిగేంత ఒండ్రు. గోడ మీద నీటి చార నా ఛాతీ ఎత్తున ఉంది. టీవీ బురదలో బోర్లాపడి ఉంది. బీరువాలో నా పెళ్లి చీరలు రంగులు కలిసిపోయి ముద్దయ్యాయి.

పాపని ఎక్కడ పడుకోబెట్టాలా అని చూస్తూ తలెత్తాను. వంటింటి అటక మీద బియ్యం డబ్బా కనిపించింది. అది ఎప్పుడూ పొయ్యి గట్టు కింద ఉండేది. దాని పక్కన ఆవకాయ జాడీ, ఉప్పు, పప్పు, అగ్గిపెట్టె, మేం వాడటం మానేసిన కిరసనాయిలు స్టవ్వు. వెనకాల పాప గుడ్డలు, మడతపెట్టి. అన్నీ పొడిగా ఉన్నాయి.

అటక అందాలంటే బల్ల మీద స్టూలు వేసుకుని ఎక్కాలి. ఆ రెండూ ముందుగదిలో ఒండ్రులో కూరుకుపోయి ఉన్నాయి. పెరటి తలుపుకి లోపలి గడియ వేసినట్టే ఉంది. పైన పెంకు కదల్లేదు.

మా ఆయన వాళ్లమ్మని అడిగారు. ఈ మోకాళ్లతో స్టూలెక్కుతానా అన్నారావిడ. తర్వాత ఇద్దరూ నా వైపు చూశారు. మేం ముగ్గురం కలిసే గుమ్మం దాటాం.

దొంగ అనుకుందామంటే, టీవీ వదిలేసి ఆవకాయ జాడీ ఎత్తిపెట్టే దొంగ ఉంటాడా? నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఆ గుడ్డల మడతలు. నేను చదరంగా మడుస్తాను. అవి సన్నగా, పొడుగ్గా మడిచి ఉన్నాయి. వాటిని పాపకి కట్టడానికి నాకు చేతులు రాలేదు.

"ఎవరు పెట్టారో తర్వాత చూద్దాం. పిల్ల తడిలో ఉంది, కట్టమ్మా," అన్నారు అత్తగారు.

కట్టాను. ఆ స్టవ్వు మీదే ఆ బియ్యం వండుకున్నాం. కొట్లు తెరిచేదాకా మాకు అవే ఆధారం. కానీ బురద ఎత్తిపోస్తున్నా, గోడలు కడుగుతున్నా, బ్లీచింగ్ చల్లుతున్నా కళ్లు అటక వైపే పోయేవి. దానికి వీపు పెట్టి కూర్చోలేకపోయేదాన్ని. ఇల్లు మారదామంటే మా ఆయన కాదనలేదు, ఎక్కడా దొరకడం లేదన్నారు.

మరుసటి ఏడు మళ్లీ హెచ్చరిక వచ్చింది. ఈసారి నేనే స్టూలెక్కి అన్నీ అటక మీదకి చేర్చాను, మిగిలిన చీరలతో సహా. మా ఆయన కింద నుంచి అందించారు. తాళం వేసి వెళ్లాం. గోదావరి మా వీధి మొదట్లో ఆగి, వెనక్కి తగ్గింది.

తిరిగొచ్చి తలుపు తీస్తే అటక ఖాళీగా ఉంది. డబ్బా పొయ్యి గట్టు కింద, జాడీ దాని పక్కన, చీరలు బీరువాలో. ఎక్కడివక్కడ.

ఆ నెలలోనే వేరే ఇంటికి మారాం. అత్తగారు మాత్రం రానని పేచీ పెట్టారు.

"మనల్ని ఇంత కనిపెట్టుకున్న ఇల్లు ఇంకోటి దొరుకుతుందేంటమ్మా?" అన్నారు.

ఆవిడకి అది ధైర్యం. నాకు కాదు. నీళ్లు ఎంతదాకా వస్తాయో ముందే తెలిసినవాళ్లు, మాతోపాటు ఆ ఇంట్లో ఎన్నాళ్ల నుంచి కాపురముంటున్నారో నాకు ఇప్పటికీ తెలీదు.