బొమ్మ ముందు, మనిషి వెనక

కళ్ళజోళ్ళ షాపులో ముందు కుర్చీ ఎవరిదని అడిగితే ఆ వీధిలో పసిపిల్లాడు కూడా అక్కది అంటాడు. పాత యజమాని హయాం నుంచీ ఆమె అందరికీ అక్కే. పెళ్ళైన కొత్తలో కళ్ళజోడు పెట్టుకుని పళ్ళన్నీ కనబడేలా ఆమె నవ్విన ఫొటో, కిటికీ తలుపంతది, ఆ కుర్చీ వెనక గోడకి ఉంటుంది. షాపు పేరు మరిచిపోయినవాళ్ళు కూడా "ఆ నవ్వే ఆవిడ షాపు" అని వెతుక్కుంటూ వస్తారు.

అలాంటి అక్కకి ఓ రోజు పొద్దున్నే పుక్కిలిస్తుంటే నీళ్ళు ఒక పక్క నుంచి కారిపోయాయి. అద్దంలో చూసుకుంటే మూతి ఎడమవైపు లాగేసి ఉంది, కుడి కన్ను మూసుకోనంటోంది. నరం దెబ్బతిందనీ, చాలావరకు తగ్గుతుందనీ డాక్టరు చెప్పాడు. తగ్గాల్సింది తగ్గింది. మిగిలింది మాత్రం మొండికేసి అక్కడే కూర్చుంది.

సెలవైపోయి షాపుకి వెళ్తే, పాత యజమాని కొడుకు గుమ్మంలోనే ఎదురొచ్చాడు. ఇప్పుడు షాపు అతనిదే.

"అక్కా, నువ్వు లోపలి గదిలో కూర్చో. ఫ్రేములకి చీటీలు అంటిద్దువు గాని. చల్లగా ఉంటుంది."

"మరి ముందు ఎవరుంటారు?"

"నేను చూసుకుంటాలే." అతను నసిగాడు. "జోడు పెట్టి అద్దం పడతావు కదా అక్కా, వాళ్ళ మొహం పక్కనే నీ మొహమూ కనిపిస్తుంది. కొందరు ఇబ్బంది పడతారు. లోపలున్నా ఎవరో ఒకరు వస్తూ పోతూ ఉంటారు, పోనీ మాస్కు పెట్టుకో."

చెడ్డవాడు కాడు. చిన్నప్పుడు ఆమె ఒళ్ళోనే నిద్రపోయినవాడు. అందుకే ఆ మాట మరీ గుచ్చుకుంది. మాస్కు తగిలించుకుని లోపలికి పోయింది.

వారం తిరిగేసరికి ఆడపడుచు చూడ్డానికి ఇంటికి వచ్చింది. కూర్చుందో లేదో మొదలుపెట్టింది.

"ఎంత కళగా ఉండేదానివి వదినా! నువ్వు నవ్వితే ఇల్లంతా వెలుగొచ్చేది."

అక్కకి ఒళ్ళు మండింది. వచ్చినవాళ్ళందరిదీ ఇదే పాట. ఉండేదానివి, నవ్వేదానివి, మెరిసిపోయేదానివి. ఎదురుగా మనిషి నిక్షేపంలా కూర్చుని టీ పోస్తుంటే ఈ శోకాలేమిటి?

"ఏమ్మా, నేను పోయానా? పోయినవాళ్ళ గురించి చెప్పుకున్నట్టు చెబుతున్నావు!"

"అయ్యో, బాధ కొద్దీ అన్నాను వదినా!"

"బాధ సంగతి నేను చూసుకుంటాలే. నువ్వు టీ తాగు."

ఆడపడుచు నోరైతే మూయించింది గానీ, ఆమె వెళ్ళాక అక్కకి సిగ్గేసింది. ఊళ్ళోవాళ్ళని అని ఏం లాభం, తనూ వారం నుంచి మొహాన్ని గుడ్డ చాటున దాస్తూనే ఉంది కదా. సిగ్గు వెనకాలే కోపమొచ్చింది.

మర్నాడు షాపు తెరవగానే స్టూలెక్కి ఫొటో దించింది. రెండు చేతులా పట్టుకుని లోపలి గదివైపు నడిచింది.

"అక్కా, దాన్నెక్కడికి తీసుకెళ్తున్నావు?"

"నాతోపాటు లోపలికి."

"అది లేకపోతే గోడ బోసిపోతుంది! జనం దాన్ని చూసే కదా వస్తారు!"

"ఆ మొహం ఎవరిది బాబూ? బొమ్మని ముందు పెట్టి మనిషిని వెనక దాస్తావా? ఉంటే ఇద్దరం ముందుంటాం, లేదంటే ఇద్దరం లోపలుంటాం. తేల్చుకో."

"అది అప్పటి మొహం అక్కా..."

"అప్పుడూ నాదే, ఇప్పుడూ నాదే. నీ దగ్గర అరువు తెచ్చుకోలేదు."

'ప' దగ్గరా 'బ' దగ్గరా పెదవుల పక్క నుంచి గాలి పోతోంది. అయినా ఆమె ఆగలేదు. అతను బోడిగోడ వైపు చూశాడు, అక్క వైపు చూశాడు. ఫొటో అందుకుని తనే స్టూలెక్కి తగిలించాడు.

"కాస్త వంకరగా వచ్చినట్టుందక్కా."

"ఉండనీ. జోడీ కుదిరింది."

అక్క తన కుర్చీలో కూర్చుంది. మొదట ఒక కాలేజీ పిల్ల వచ్చింది. ఫొటోని చూసి, అక్కని చూసి, చూపు దించేసుకుంది.

"అది నేనే. కూర్చో తల్లీ" అని అక్క జోడు పెట్టి అద్దం ఎత్తింది. అద్దంలో ఇద్దరి మొహాలూ పక్కపక్కన పడ్డాయి. పిల్ల ఎటు చూడాలో తెలియక తికమకపడింది. అక్క సంచిలోంచి మాస్కు తీసి, దాంతో అద్దం శుభ్రంగా తుడిచి, మళ్ళీ ఎత్తిపట్టింది.

"ముందు నన్ను బాగా చూసెయ్. అయ్యాక నిన్ను చూసుకుని, ముక్కు మీద నొక్కుతోందేమో చెప్పు."

పిల్ల ఫక్కున నవ్వింది. అక్కకీ నవ్వొచ్చింది. ఒక పక్కకే వచ్చింది. వచ్చినంతా నవ్వేసింది.