మస్కట్‌లో పోగొట్టుకున్న శుక్రవారం

రెండువేల పదిహేనులో మా అమ్మాయి సుగుణకు మస్కట్‌లో కొడుకు పుట్టాడు. మా బాప్టిస్టు కుటుంబంలో బిడ్డను చర్చిలో దేవునికి ప్రతిష్ఠించేనాడు అమ్మమ్మే ఎత్తుకుని నిలబడాలి. అందుకే బయలుదేరాను. ఇంటి దగ్గర పెసలు కోతకొచ్చాయి కనుక బుధవారం వెళ్ళి, పై గురువారం తిరిగొచ్చేలా టిక్కెట్టు తీయించాను.

చీపురుపల్లిలో ఉదయం పాసింజరెక్కి విశాఖలో దిగి, హైదరాబాదులో విమానం మారి, చీకటి పడ్డాక మస్కట్ చేరాను. విమానంలో ఏదీ కొనకండి. నేను పులిహోర పట్టుకెళ్ళాను.

మర్నాడు ఎదురింటి ఒమానీ ఆవిడ పిలిచి కాఫీ పోసింది. పారబోయడం నాకు చేతకాదు, తాగినకొద్దీ పోస్తూనే ఉంది. ఐదోసారికి సుగుణ ఖాళీ కాఫీ గిన్నెను అటూ ఇటూ ఊపి ఇమ్మని చూపించింది. చాలనడానికి అదే పద్ధతట. ఏదిచ్చినా కుడిచేత్తో అందుకోవాలి.

శుక్రవారం తొమ్మిదింటికి సుగుణ పిల్లాడికి తెల్లగౌను తొడిగి చర్చికి లెమ్మంది. శుక్రవారం చర్చేమిటన్నాను. అక్కడ సెలవు శుక్రవారమనీ, మన తెలుగు సంఘం ఆరోజే కూడుతుందనీ చెప్పింది. వీళ్ళ వీలు కోసం దేవుని దినాన్ని మార్చేశారనుకున్నాను.

"ఆదివారం దాకా ఆగు. శుక్రవారం నేను బిడ్డనెత్తను," అన్నాను.

"ఆదివారం నాకు ఆస్పత్రిలో డూటీ ఉన్నాదమ్మా. నువ్వెత్తకపోతే ఎవులెత్తుతారు?"

నేను కదల్లేదు. సుగుణ పిల్లాడి గౌను విప్పేసింది.

ఆదివారం సుగుణా అల్లుడూ పనికెళ్ళాక, పాస్టరుగారిని ఒప్పించి ప్రతిష్ఠ జరిపిద్దామని పిల్లాడిని ఎత్తుకుని వీధి చివరి చర్చికి నడిచాను. దారిలో బడి బస్సులు తిరుగుతున్నాయి, కొట్లన్నీ తెరిచి ఉన్నాయి. గేటుకు తాళం. కాపలాదారుది పాతపట్నమట. నా చీరకట్టు చూసే తెలుగులో పలకరించాడు.

"ఈయేల ఎవులొస్తారు మామ్మా? ఇక్కడ ఆదివారమంటే మనకి సోమవారం లాటిది. మనోళ్ళ ఆరాధన మొన్నే అయిపోనాది. మల్లీ సుక్రోరమే."

మళ్ళీ శుక్రవారానికి నేను ఇక్కడ ఉండను. పిల్లాడు ఎండకు మొహం చిట్లించి ఏడుస్తుంటే ఆ గేటు ముందు ఎంతసేపు నిలబడ్డానో తెలియదు.

సాయంత్రం సుగుణకు అంతా నేనే చెప్పాను.

"మరి ఏటి సేత్తావు?" అంది.

"టిక్కెట్టు మార్పించు. పెసలు రాలితే రాలనీ."

మార్చినందుకు కట్టిన డబ్బు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. శుక్రవారం పదింటికి పిల్లాడిని ఎత్తుకుని నిలబడ్డాను. పాస్టరుగారు "ఈ విశ్రాంతి దినాన" అని ప్రార్థన మొదలుపెట్టారు. ఆమెన్ అనడానికి ముందు నేను కాస్త తడబడ్డాను.

శనివారం విమానమెక్కి ఆదివారం తెల్లారేసరికి విశాఖలో ఉన్నాను. మస్కట్ వెళ్ళేవాళ్ళు టిక్కెట్టు తీసేముందు అక్కడ ఏ వారం ఏ పనికో అడిగి తెలుసుకోండి. రైలు చీపురుపల్లి చేరేసరికి మా చర్చి గంట మోగుతోంది. ఈ వారం ఆరాధన అయిపోయినట్టా, కానట్టా? పెట్టె పట్టుకునే లోపలికెళ్ళి వెనక బల్ల మీద కూర్చున్నాను. శుక్రవారం ఆదివారమని ఒప్పుకోవడానికి నాకు మనసు రాదు. నేను మనవడిని ఎత్తుకున్న రోజు దేవుని దినం కాదనడానికి నోరూ రాదు.