మైదుకూరులో ఏసీ నీళ్లు

ఎండాకాలాల్లో నేను బిగించిన ఏసీలన్నీ తలచుకుంటే వేరు వేరు ఇళ్లుగా గుర్తుకురావు. అన్నీ కలిసిపోయి ఒకే పొడుగాటి మధ్యాహ్నంలా ఉంటాయి. గోడకు నేనే వేసిన రంధ్రంలోంచి ఎండ లోపలికి దూరుతుంది, అందులో దుమ్ము నిదానంగా తేలుతుంది. పైపుల్లో మిగిలిన గాలిని పంపు లాగేస్తున్నంతసేపూ దాని గొణుగుడు వింటూ కూర్చోవడం తప్ప మెకానిక్‌కు వేరే పని ఉండదు. చల్లటి నాపరాళ్ల మీద, గోడకు ఆనుకుని, ఎందరి ఇళ్లల్లో కునుకు తీశానో! ఆ మగతలోంచి ఒక్క ఇల్లు మాత్రం విడిగా కనిపిస్తుంది. మైదుకూరులో పసుపు వ్యాపారం చేసే ఒక పెద్దాయన ఇల్లు అది.

ఆయన భార్యకు అంతకుముందు ఏడాది వడదెబ్బ తగిలి, వారం రోజులు ఆసుపత్రిలో ఉండి వచ్చింది. ఇంకోసారి తగిలితే ప్రాణానికే ముప్పని డాక్టరు చెప్పాడట. అందుకే ఆయన ఏసీ కొన్నాడు. ఆమె మాత్రం ససేమిరా అంది. నేను నిచ్చెన ఎక్కుతుంటే కింద నిలబడి ఒకటే సణుగుడు.

"కరెంటంతా తినేసి ఉత్త గాలిచ్చేదాన్ని ఏంటికప్పా గోడకు తగిలించేది? నేనైతే ఆ గదిలో పండుకోను."

ఆమె దిగులంతా పెరట్లో మల్లెచెట్ల మీద. కుళాయి మూడు రోజులకొకసారి వస్తుంది. ఇంట్లో ఏ బిందెలో ఎన్ని నీళ్లున్నాయో ఆమెకు కళ్లు మూసుకున్నా తెలుసు. చెట్లేమో మాడిపోతున్నాయి. నా నోరు ఊరుకోదు కదా!

"ఉత్త గాలి కాదుమా. గాల్లో ఉండే తేమను పట్టి నీళ్లు చేసి బయటికి వదుల్తాది. దినానికి ఒక బకెట్. నువ్వు లోపల పండుకుంటే సాలు, నీ మల్లెచెట్లు బతుకుతాయి" అన్నాను.

ఆమె ముఖం వెలిగింది. తనే పోయి నీలం బకెట్ తెచ్చి, బయట పైపు కొస కింద పెట్టింది. పెద్దాయన నావైపు చూసిన చూపు చూస్తే నేనేదో ఆపరేషన్ చేసి ప్రాణం నిలబెట్టాననుకోవాలి. నేనూ అలాగే అనుకుని బండెక్కాను.

ఊరు దాటాక బుద్ధొచ్చింది. నేను పని నేర్చుకున్నది నెల్లూరులో. అక్కడి సముద్రపు గాలికి ఏసీ కింద బకెట్లు నిండేవి. మైదుకూరు మే నెల గాల్లో తేమ ఎక్కడిది? ఆరేసిన పంచె పది నిమిషాల్లో అప్పడమయ్యే ఊరది. వెనక్కి వెళ్లి చెప్పాలి. చెప్పలేదు. సిగ్గేసింది, అంతే.

ఇరవై రోజుల తర్వాత ఫిల్టర్లు కడగడానికి వెళ్లాను. ఏసీ ఆపేసి ఉంటుందని, ఆమెకు మళ్లీ ఏమైనా అయిందేమోనని భయపడుతూనే వెళ్లాను. ఆమె నవ్వుతూ ఎదురొచ్చింది.

"రా నాయనా. నువ్వు చెప్పినట్టే దినామూ బకెట్ నిండుతాంది."

ఒక్క నిమిషం నేనే నమ్మేశాను. పెరట్లోకి వెళ్లి చూస్తే నిజంగానే నిండు బకెట్, అందులో ఆకాశం. పైపు మూతికి మాత్రం సాలెపురుగు గూడు కట్టి ఉంది. ఒక్క పోగూ తెగలేదు. నోరు తెరవబోతుంటే వెనకనుంచి పెద్దాయన భుజం పట్టుకుని గేటు దాకా లాక్కుపోయాడు.

"గమ్మునుండప్పా. తెల్లారగట్ల ఆమె లేయకముందే వీధి చివర బోరింగు కొట్టి తెచ్చి పోస్తాండా. ఇంట్లో నీళ్లు తీస్తే కనిపెడతాది. ఏసీ నీళ్లియ్యదని తెలిసిందంటే ఆపేసి బయట పండుకుంటాది. ఆమెకేమన్నా అయితే నేనేం కావల్ల?"

ఆయన అరచేతులు పొక్కి ఉన్నాయి. కూర్చున్నచోటికి మంచినీళ్లు తెప్పించుకునే మనిషి. నేను ఊరికే పారేసిన మాటను ఆయన రోజూ మోస్తున్నాడు.

మళ్లీ సర్వీసుకు వెళ్లేసరికి రెండు వానలు పడి, వేడి తగ్గకుండా ఉక్కపోత మొదలైంది. పెద్దాయన మార్కెట్టుకు వెళ్లాడు. ఆమె నిచ్చెన పట్టుకుంది. ఏసీ మూత విప్పితే, నీళ్లు దిగాల్సిన తొట్టి నిండా ఎర్రమట్టి పేరుకుని ఉంది; ఇన్నాళ్లూ అందులో నీళ్లు పారలేదని చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. ఆమె చూడకూడదని గుడ్డ కప్పబోయాను.

"దాచొద్దులే నాయనా. నాకు తెలుసు."

గుడ్డ పక్కకు తీశాను.

"బకెట్టుకు తెల్లచార కట్టింది. గాల్లోంచి వచ్చే నీళ్లకు ఉప్పు యాడిది? నాలుగో దినమే తెలిసింది" అంది.

తర్వాత మంచం మీద కూర్చుని, కిటికీ వైపు చూస్తూ, నాతో కాదన్నట్టుగా మాట్లాడింది.

"పెండ్లయి ముప్పై ఎనిమిదేండ్లు. ఆయప్ప నాకోసం చెంబు నీళ్లు మోసింది లేదు. బాలింతప్పుడు గూడా నేనే మోసుకున్యా. ఇప్పుడు తెల్లారగట్ల చల్లగా పండుకోని, కండ్లు మూసుకోని వింటాంటా. గేటు తీస్తాడు. దూరంగా బోరింగు చప్పుడు. ఆయాసపడతా వస్తాడు. సప్పుడు గాకుండా బకెట్లో పోస్తాడు. శానా బాగుంటాది నాయనా."

నేను ఆ గుడ్డతోనే తొట్టిలో మట్టి తుడవసాగాను. ఆమే అడిగింది.

"నిన్న పైపు కొసన రెండు సుక్కలు చూసినా. ఇంక నిజంగానే వస్తాయా?"

"వస్తాయిమా! గాలి తడిగా ఉండాది గదా. బకెట్ నిండుతాది" అన్నాను, ఇన్నాళ్లకు నా మాట నిలబడిందన్న సంబరంతో.

ఆమె ముఖం వాడిపోయింది.

"రాకుండా చేయలేవా?"

చేశాను. బయట యూనిట్ వెనక పైపు కోసి, ఇంకో పైపు కలిపి, గోడ చాటుగా మల్లెచెట్ల మొదట్లోకి దించాను. పాత ముక్కను ఎప్పటిలాగే బకెట్ మీద వేలాడదీసి బిగిస్తుంటే పెద్దాయన వచ్చాడు.

"ఏమప్పా, పైపుకేమైంది? నీళ్లు వస్తాండాయి గదా?" అని ఆమెకు వినపడేలా గట్టిగా అడిగి, చెప్పొద్దని కళ్లతో బతిమాలాడు. ఆయన భుజం మీదుగా చూస్తే గుమ్మంలో ఆమె. ఆమె కళ్లల్లోనూ అదే మాట.

"బ్రమ్మాండంగా వస్తాండాయి సార్" అన్నాను. "ఇట్లే వస్తాయి."