అడ్డగీతల జేబు

నిన్న కుట్టుమిషన్‌కు నూనె వేస్తుంటే కింద పరిచిన పేపరు మీద చుక్కలు పడ్డాయి. నూనె పడిన చోట కాగితం తేటబడి, వెనక పేజీ అక్షరాలు ముందు పేజీ బొమ్మలోకి తేలివచ్చాయి. ఆ నూనె వాసన, సిరా వాసన కలిసి ముక్కుకు తగిలాయి, ఇంకేముంది! నూనెడబ్బా చేతిలోనే ఉంది, నేను మాత్రం సిద్దిపేటలో మహబూబీ ఖాలా గడప మీద కూర్చుని ఉన్నాను. ఖాలా అంటే ఉర్దూలో పిన్ని. మాకేం చుట్టరికం లేదు. మా కిరాణా దుకాణానికి ఎదురిల్లు ఆమెది, అంతే. మొగుడు పోయాక బట్టలు కుట్టి ఒక్క కొడుకును పెంచుకుంది. ఆమె అంటే నాకు ప్రాణం, ఈ మాట అప్పుడు చెప్పనే లేదు.

తొంభైల మొదట్లో సంగతి. డిగ్రీ అయిపోయి, ఉద్యోగం రాక, ఇంట్లో ఈగలు తోలుతున్న రోజులు. దుకాణానికి వచ్చే పేపరు ముందు బాపు, అంటే మా నాన్న, చదివేవాడు, తర్వాత నేను, సాయంత్రానికి అది ఉప్పు పొట్లమయ్యేది. ఈ మధ్యలో కాసేపు ఖాలా వంతు. ఆమెకు తెలుగు అక్షరాలు రావు. కొడుకు జహంగీర్ బొంబాయి దగ్గర భీవండిలో మగ్గాల మీద పనికి పోయినప్పటి నుంచి ఆ దిక్కు కబురేమన్నా ఉందా అని పేపరు చూపించమనేది. నేను చదవబోతే చాలు, ఫొటో కింది అక్షరాల మీద అరచెయ్యి పెట్టేసేది. "రాసింది తర్వాత జెప్పు బిడ్డా. ముందుగాల మనిషిని చూడనియ్యి" అనేది. సూది గుచ్చుకోకుండా వేలికి తొడుక్కున్న ఇత్తడి టోపీ ఎండకు మెరుస్తుండేది. మిషన్ ఆగిపోయిన ఆ నిశ్శబ్దంలో ఇద్దరం చుక్కలు చుక్కలుగా అచ్చయిన ముఖాలను చూస్తూ ఎక్కడికో పోయేవాళ్ళం.

ఆ ఏడు కరువుకు పాలమూరు దిక్కు నుంచి మట్టిపనికి వచ్చినవాళ్ళు కోమటిచెరువు కట్ట కింద గుడిసెలు వేసుకున్నారు. ఒకరోజు పేపర్లో వాళ్ళ ఫొటో వచ్చింది. చంకలో పిల్లతో ఎండకు కమిలిన ఒక నల్లటి ఆడమనిషి. పైన 'పట్టణంలో పెరిగిన దొంగతనాలు' అని పెద్ద అక్షరాలు. ఖాలా చెయ్యి అడ్డం పెట్టి చూసి నవ్వింది.

"గీమె మొన్ననే నాతోని రైక కుట్టించుకున్నది. బుడ్డదానికి గల్లపెట్టె మీది బెల్లంముక్క ఇచ్చిండు మీ బాపు. బాగొచ్చిందే ఫొటువ! ఏం రాసిన్రు?"

చదివాను. ఖాలా నవ్వు ఆగిపోయింది.

"దొంగ అని ఎవలు జెప్పిన్రు?"

"ఆమె దొంగ అని రాయలేదు ఖాలా. వార్త వేరు, ఫొటో వేరు."

"మరి రెంటిని పక్కపక్కకు ఎందుకు కూసోవెట్టిన్రు?"

డిగ్రీ చదివినదాన్ని, ఆ పేపరు మడిచి దుకాణానికి పట్టుకుపోయాను. 

తర్వాత చలికాలంలో బొంబాయి దిక్కు గొడవలయ్యాయి. జహంగీర్ శుక్రవారం శుక్రవారం మా దుకాణానికి ఫోను చేసి మాట్లాడేవాడు. ఒక శుక్రవారం ఫోను రాలేదు. మరో శుక్రవారమూ రాలేదు. ఖాలా మిషన్ తొక్కుతూనే ఉంది గానీ దారం ఊరికే తెగిపోయేది. పేపరు నిండా మంటలు, మూసిన షట్టర్లు, రైళ్ళకు వేలాడే జనం. 'వలసల తాకిడి' అని రాసేవాళ్ళు, 'బయటివారి గుంపులు' అని రాసేవాళ్ళు.

"బయటోళ్ళంటే?"

"అక్కడ పుట్టనోళ్ళు ఖాలా."

"అంటే మావోడు గూడ." తెగిన దారం మళ్ళీ సూదికి ఎక్కించింది. "పాలమూరోళ్ళు ఈడికొస్తె బయటోళ్ళు, మనోళ్ళు గాడికి పోతె బయటోళ్ళు. మరి లోపలోళ్ళు ఎవలే?"

ఒక పొద్దున బొంబాయి స్టేషన్ ఫొటో వచ్చింది. ఇసుక వేస్తే రాలనంత జనం. చూస్తూ చూస్తూ ఖాలా వేలు ఒకచోట ఆగిపోయింది. భుజాన పెట్టె మోస్తున్న పిల్లవాడు, పెట్టె చాటున ముఖం కనిపించలేదు. చొక్కా గీతలు నిలువుగా ఉన్నాయి, జేబు గీతలు మాత్రం అడ్డంగా ఉన్నాయి.

"యా అల్లా! నేను కుట్టిన అంగీనే! గుడ్డ తక్కువైతే జేబు అడ్డం కోసిన. వాడు ఎంత అలిగిండో!" ఏడుస్తూ నవ్వుతూ ఆ జేబును నిమిరింది. "వస్తుండు. నా కొడుకు వస్తుండు."

ఆ పేజీని పొట్లం కట్టకుండా బాపు ఆమెకే ఇచ్చేశాడు. ఆనాటి నుంచి పొద్దున్నే బొంబాయి బస్సు వచ్చే వేళకు ఆమె బస్టాండుకు పోయేది, తోడు నేను. పొగమంచులో బస్సు దీపాలు ముందుగా పసుపు మరకల్లా కనిపించేవి. దిగిన ప్రతివాడి జేబు చూసేది, మళ్ళీ ఇంటికి నడిచేది. 

ఒకరోజు జహంగీర్ దిగాడు. చిక్కిపోయి, గడ్డం పెరిగి, ఎవరిదో వదులు స్వెట్టర్ వేసుకుని. ఖాలా వాణ్ణి పట్టుకుని కుదిపి కుదిపి ఏడ్చింది. ఏడుపు తగ్గాక స్వెట్టర్ ఎత్తి చూసి మొదట అడిగింది, "అంగీ ఏది?" అని.

"మా రూముల ఒక బీహార్ పిల్లగాడుండె అమ్మీ. మున్నా అంటుంటిమి. బొంబాయిల పనికి పోయినకాడ వాని బట్టలన్ని కాలిపోయినయ్. ఊరికి పోతనంటే నా అంగీ ఇచ్చిన."

ఖాలా దారి పొడుగునా కొడుకు చెయ్యి వదలలేదు.

మర్నాడు నేను పేపరు పట్టుకుపోలేదు. కొడుకు వచ్చాడు, ఇంక ఆమెకు పేపరెందుకు అనుకున్నాను. ఎదురింటి గడప నుంచి కేక వినిపించింది.

"ఏందే, పేపర్ తేలే?"

"మీ జహంగీర్ వచ్చిండు గద ఖాలా! ఇంకెవరిని చూస్తవ్?"

"నా కొడుకు వచ్చిండు. గా ఫొటువల పిల్లగాడు వాళ్ళమ్మ దగ్గరికి చేరిండో లేదో?"

 పేపరు తెచ్చి ఆమె ముందు పరిచాను. ఆమె ఎప్పటిలాగే అక్షరాల మీద చెయ్యి పెట్టింది.

నాకు ఉద్యోగం వచ్చి ఊరు మారేదాకా ఆ వెతుకులాట సాగింది. ఆ తర్వాత కూడా వాని కోసం చూస్తూనే ఉన్నానని ఆమె కబురు పంపేది, చనిపోయేదాకా. మున్నా ఫొటో మళ్ళీ రాలేదు. వస్తే మాత్రం ఎట్లా తెలుస్తుంది, మేము వాని ముఖమే చూడలేదు. ఇప్పుడు యాభై దాటి ఉంటాడు. ఆ చొక్కా ఏనాడో పేలికలై ఉంటుంది. నాకు తెలియదా?

నూనె మరకలు పడిన నిన్నటి పేజీలో కూడా ఎక్కడివాళ్ళో మూటలు నెత్తిన పెట్టుకుని నడిచిపోతున్నారు. కింద రాసినదాని మీద బొటనవేలు పెట్టాను. కళ్ళద్దాలు సర్దుకుని, ఒక్కొక్కరి జేబే చూసుకుంటూ పోయాను.