బొంత కుట్లు తెగని ఏడాది

నేను మొద్దును కాదు. ఈ మాట మొదటే చెప్పేస్తున్నాను, ఎందుకంటే పన్నెండేళ్లొచ్చేదాకా నన్ను అలా పిలవనివాళ్లు తక్కువ.

డెబ్బయ్యో దశకం చివర్లో హన్మకొండ బజారులో మాకు చాయ్‌పత్తి దుకాణం ఉండేది. బళ్లో లెక్కల సారు బోర్డు మీద మొదటి వరుస రాస్తే కనిపించేది. రెండో వరుసకు వచ్చేసరికి నా కళ్లు కిటికీలో ఉండేవి. బల్ల కింద కాళ్లు ఊగుతూనే ఉండేవి. సారు బాపును పిలిపించి, "పిల్లకు ధ్యాస లేదు సేటూ, చదువు అబ్బదు" అన్నాడు. బాపు ఇంటికొచ్చి తేల్చేశాడు.

"ఏడో తరగతి పాసైతేనే ముందలికి. ఫేలైతే ఇంట్ల కూసొని చాయ్‌పత్తి పొట్లాలు కట్టాలె."

నాకేమో చదువంటే ప్రాణం. అదే నా ఏడుపు.

పగలంతా తూగుతున్నానని మా ఇంట్లో మందు కూడా కనిపెట్టారు: చాయ్. దానికి మాకు కొదవా? బాపు కొత్త పత్తి కలిపినప్పుడల్లా మొదటి గ్లాసు నాదే. "నీ నాలుక మంచిది, జర తాగి చెప్పు" అనేవాడు. పొద్దున ఒకటి, అన్నం తినగానే ఒకటి, బడి నుంచి రాగానే ఒకటి, పుస్తకం ముందు ఇంకొకటి. బళ్లో దొరకని పొగడ్త ఆ గ్లాసుతో దొరికేది కాబట్టి నేనూ కాదనలేదు.

అసలు సంగతి పట్టుకున్నది బాపమ్మ, అంటే మా నాయనమ్మ. పాత చీరలతో ఆమె కుట్టిన బొంత కిందే ఇద్దరం పడుకునేవాళ్లం. నెల తిరగకుండానే నా కాళ్ల వైపు కుట్లు పటపట తెగిపోయేవి. ఆమె వైపు మాత్రం చెక్కుచెదరేవి కావు. మొదట నన్నే తిట్టింది. తర్వాత కొన్నాళ్లు నా పిక్క మీద చెయ్యేసి మేలుకుని చూసింది. ఒక పొద్దున బొంతను చుట్టి చంకన పెట్టుకుని నన్ను దవాఖానకు లాక్కుపోయింది.

ఏమైందని డాక్టరమ్మ అడిగితే బొంతను బల్ల మీద పరిచింది.

"గిటు సూడు డాక్టరమ్మా. గిటు నేను, గటు పిల్ల. నిద్రల కాళ్లు జాడిస్తనే ఉంటది. రాత్రంత నడిచినట్టుండే పిల్లకు పగటిపూట లెక్కలు ఎట్లెక్కుతయ్?"

చినిగిన బొంతను అందరి ముందూ పరిచినందుకు సిగ్గుతో చచ్చిపోయాను. డాక్టరమ్మ నవ్వలేదు. తెగిన కుట్ల మీద వేలు పెట్టి చూసింది. నా కింది కనురెప్ప లాగి చూసింది. పడుకునే ముందు కాళ్లలో ఏదో పాకినట్టు ఉంటుందా అని అడిగింది. ఉంటుంది. అందరికీ ఉంటుందనుకున్నాను.

రక్తం పరీక్ష చేయించి చెప్పింది. "ఒంట్లో ఇనుము తక్కువైందమ్మా. కాళ్లు నిలవవు, నిద్ర చాలదు, ఇంక ధ్యాస ఎక్కడుంటుంది? అందరు పిల్లలకూ ఇదే కారణం కాదు. ఈ పిల్లకు మాత్రం ఇదే అనిపిస్తోంది." రోజుకు ఎన్ని చాయ్‌లని అడిగితే వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పాను. ఆ ఒక్క లెక్కా తప్పలేదు. తిండి వెంట చాయ్ తాగితే తిన్న ఇనుము ఒంటికి సరిగా పట్టదని చెప్పి బంద్ చేయమంది.

చాయ్‌పత్తి అమ్మే ఇంట్లో చాయ్ బంద్! బాపు గయ్యిమన్నాడు.

"గీ ముచ్చట బజార్ల తెలిస్తే దుకాణం మూసుకోవాలె!"

"ఊరందరికి అమ్ముకో బిడ్డా. నా పిల్లకు పొయ్యకు" అంది బాపమ్మ. ఆ ఇంట్లో ఆమె మాటకు ఎదురు లేదు.

మాత్రలు, తోటకూర, నిమ్మకాయ. బాపమ్మ బొంతను ఎర్రదారంతో కొత్తగా కుట్టి, రోజూ పొద్దున్నే తడిమి చూసేది. ఒక నెల గడిచింది. రెండు, మూడు. దారం తెగలేదు. ఒకరోజు సారు రాసిన లెక్కను చివరి వరుసదాకా చూశాను. అందులో ఆయన చేసిన తప్పు కూడా కనిపించింది. లేచి చెప్పాను. ఆయన నన్ను చూసి, బోర్డును చూసి, తుడిచి మళ్లీ రాశాడు. ఆనాటి ఆనందం నాకు తర్వాత ఏ పట్టా ఇవ్వలేదు.

ఏడో తరగతి పాసయ్యాను, లెక్కల్లో బడికే మొదటిదాన్ని. బాపమ్మ బొంతను వీధి వైపు తీగ మీద ఆరేసింది, ఎర్ర కుట్లు అందరికీ కనబడేటట్టు. బాపు దుకాణం నుంచి పొట్లాల కాగితం కట్ట తెచ్చి నా ముందు పెట్టాడు. పాసైనా పొట్లాలే కట్టమంటాడేమో అనుకున్నాను. ఆయన కింద కూర్చుని, ఆ కాగితంతో నా ఎనిమిదో తరగతి పుస్తకాలన్నిటికీ ఒక్కొక్కటిగా అట్టలేశాడు.